రోహిణి కార్తెలో తవ్విన గుంతలు: గోదావరి డెల్టాలో ఒక పారిశుద్ధ్య కేస్ స్టడీ

గోదావరి మధ్య డెల్టాలోని ఒక ఊరికి సంబంధించిన కేసు ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. నేను గ్రామీణ పారిశుద్ధ్య పనులు చేసే ఇంజినీరును. 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ఉద్యమం మొదలైన నాటి నుంచి ఈ రంగంలోనే ఉన్నాను. నాకు ఎక్కువ నేర్పిన ఊరు ఇదే కనుక దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మిషన్ మొదలైంది. గాంధీజీ 150వ జయంతి నాటికి, అంటే 2019 అక్టోబరు 2కల్లా దేశంలో ఎవరూ ఆరుబయటకు వెళ్లే అవసరం ఉండకూడదన్నది లక్ష్యం. అంతకుముందు నిర్మల్ భారత్ అభియాన్‌లో ఒక్కో మరుగుదొడ్డికి 10,000 రూపాయలున్న ప్రోత్సాహకాన్ని 12,000కు పెంచారు. పాత పథకాల కింద కట్టిన దొడ్లు వంటచెరకు గదులుగా మారిపోవడం చూసినవాణ్ణి కనుక ఈసారి కనిపించిన పట్టుదల నాకు నిజంగా ఆశ కలిగించింది. ఆ ఆశ ఇప్పటికీ ఉంది. ఈ కేసు రాస్తున్నది ఆ కార్యక్రమాన్ని తక్కువ చేయడానికి కాదు.

ఊళ్లలో మేము ఎక్కువగా కట్టించినది రెండు గుంతల మరుగుదొడ్డి. బేసిన్ నుంచి వచ్చే గొట్టం ఒక చిన్న తొట్టెలో రెండు పాయలవుతుంది. ఒక పాయను మూసి ఉంచుతారు. ఒక గుంత నిండాక దాన్ని మూసి రెండోదాన్ని తెరుస్తారు. మూసిన గుంతలోని మలం ఏడాదిన్నర, రెండేళ్లలో వాసన లేని ఎరువుగా మారుతుంది. గుంత గోడల్లో ఇటుకల మధ్య సందులు వదులుతారు కాబట్టి నీరు పక్క మట్టిలోకి ఇంకిపోతుంది. పచ్చి మలాన్ని మరో మనిషి చేత్తో ఎత్తవలసిన అవసరం ఉండదు. ఆ ఒక్క కారణానికే ఈ పద్ధతిని నేను ప్రాణంగా నమ్ముతాను.

అయితే ఇదంతా నీరు ఇంకే నేలలో జరుగుతుంది. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన తర్వాత డెల్టా నేల తీరే మారిపోయింది. సుమారు 10 లక్షల ఎకరాలకు కాలువలు, వాటి నుంచి బోదెలనే పిల్ల కాలువలు, మురుగు పోయే డ్రెయిన్లు ఏర్పడ్డాయి. సార్వా అనే వానాకాలం పంటకు నీళ్లు, దాళ్వా అనే రెండో పంటకు నీళ్లు. ఏడాదిలో చాలా నెలలు పొలాలు తడిగానే ఉంటాయి. దాళ్వా కోతలయ్యాక మాత్రం మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నేల ఎండి బీటలు వారేది ఆ కొద్ది వారాల్లోనే.

వచ్చిన సమస్య

2018 ఆగస్టులో నన్ను ఆ ఊరికి పిలిచారు. ఊరి చివర, బోదెకు అవతల, ఒకప్పటి వరిచేలలో ఇళ్ల స్థలాలిచ్చిన కాలనీ అది. 64 ఇళ్లు, 64 మరుగుదొడ్లు. అన్నీ 2017 ఏప్రిల్, మే నెలల్లో కట్టినవి. అన్నింటి ఫొటోలూ యాప్‌లోకి ఎక్కాయి. బహిరంగ మలవిసర్జన లేని గ్రామమని బోర్డు కూడా పెట్టారు. అయినా తెల్లవారుజామున కాలువ గట్టు మీద, పొలాలకు పోయే పుంతలో మనుషులు కనిపిస్తూనే ఉన్నారు. నాకు చెప్పిన సమస్య ఒక్క వాక్యం: "కట్టించి ఇచ్చినా వాడడం లేదు, వీళ్ల అలవాటు మార్చాలి."

ఆ వాక్యాన్ని నేను ప్రశ్నించకుండా ఒప్పుకున్నాను. ఈ కేసులో నా మొదటి తప్పు అదే. అప్పటికి అనేక ఊళ్లలో అలవాటే అడ్డంకి కావడం చూసి ఉన్నాను. గాలి ఆడని గది కన్నా చేను మేలనే పెద్దవాళ్లను, గుంత త్వరగా నిండిపోతుందేమోనని మగవాళ్లను బయటకు పంపి ఆడవాళ్లకు మాత్రమే వదిలే ఇళ్లను చూశాను. ఇక్కడా అదే ఉంటుందనుకున్నాను. ఏ ఇంట్లోనూ దొడ్డి తలుపు తీసి లోపలికి చూడలేదు.

చేసినవి, ఫలించనివి

ముందుగా ఉదయపు నిఘా బృందాలు. యువకులు ఈలలు ఊదుతూ గట్టు మీద తిరిగేవారు. నేనూ రెండు రోజులు వెంట వెళ్లాను. రెండో రోజు ఈల విని ఒక నడివయసు స్త్రీ చీర సర్దుకుంటూ లేచి, చెంబు వదిలేసి తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ చెంబు అక్కడే గడ్డిలో ఉండిపోయింది. ఒక మనిషి మర్యాద కాపాడడానికి వచ్చి ఆ మర్యాదనే తీసేశామని నాకు అర్థమైంది. ఆ సాయంత్రమే బృందాన్ని ఆపమని కోరాను. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ ఈ పని చేయనివ్వలేదు.

రెండోది ఊరి పటం. రామాలయం ముందు ముగ్గుపిండితో కాలనీని, బోదెను, పుంతను, చేతిపంపులను గీయించి, ఎవరు ఎక్కడికి వెళ్తారో అక్కడ పసుపు చల్లమంటాం. మలం నీళ్లలోకి, నీళ్ల నుంచి తిండిలోకి ఎలా చేరుతుందో వాళ్ల కళ్లకే కనిపించేలా చేయడం దీని ఉద్దేశం. సిగ్గుతోనో రోతతోనో జనం ఆ రోజే నిర్ణయం తీసుకుంటారని శిక్షణల్లో చెబుతారు. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. అందరూ పసుపు చల్లి మౌనంగా కూర్చున్నారు. నేను సామాను సర్దుకుంటుండగా ఒక ముసలామె లేచి వచ్చి, పుంత మీద చల్లిన పసుపును చూపించింది.

"బాబూ, ఇది ఏ నెలకు గీసిన బొమ్మ?"

"ఏ నెల అంటే ఏమిటి మామ్మగారూ?"

"వేసవి అయితే ఈ పసుపు తుడిచెయ్యి. అప్పుడు మేమంతా ఇంటి దొడ్లోకే వెళ్తాం. కాలువలకు నీళ్లు వదిలాక కదా, పోసిన నీళ్లు పోయినట్టే పోయి మళ్లీ పైకి వచ్చేది."

నా పంతొమ్మిదేళ్ల అనుభవంలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. అప్పుడు ఆమె ఇంటికి వెళ్లి తలుపు తీశాను. బేసిన్‌లో అంచు దాకా మురికినీరు నిలిచి ఉంది. చీపురు, చెంబు గోడకు చేర్చి పెట్టి ఉన్నాయి. గచ్చు కడిగి ఉంది. వాడాలన్న మనసు లేని ఇల్లు కాదు అది.

మర్నాడు ఆశా కార్యకర్తను తోడు తీసుకుని అన్ని ఇళ్లూ తిరిగాను. బోదె వైపు పల్లంలో ఉన్న 50 ఇళ్లలో అదే పరిస్థితి. రోడ్డు వైపు మెరకలో ఉన్న 14 ఇళ్లవారు ఏడాది పొడవునా దొడ్డి వాడుతున్నారు. ఒకే కాలనీ, ఒకే మనుషులు, ఒకే ప్రచారం. తేడా నేల ఎత్తులోనే ఉంది. అలవాటు అన్న మాటను ఆ రోజు నా పుస్తకంలో కొట్టివేశాను.

అయినా వెంటనే సరైన దారి దొరకలేదు. గుంత నుంచి నీరు పోవడం లేదు కాబట్టి పక్కనే మరో ఇంకుడు గుంత తవ్వితే సరిపోతుందనుకుని ఒక ఇంట్లో చేయించాం. సాయంత్రానికి ఆ గుంత కూడా ఊట నీటితో నిండింది. నిండిన నేల మరో చెంబుడు నీటిని ఎక్కడ దాచుకుంటుంది?

తర్వాత ఊరి పెద్దలు సెప్టిక్ ట్యాంకులు కట్టిద్దామన్నారు. ఊళ్లో కలిగినవాళ్ల ఇళ్లలో ఉన్నవి అవే. ఈ ప్రతిపాదన మీద నేను చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను, ఎందుకంటే చూడడానికి ఇది పనిచేస్తుంది. బేసిన్‌లో నీరు నిలవదు, ఇల్లు శుభ్రంగా ఉంటుంది. కానీ ట్యాంకు నుంచి బయటకు వచ్చే నీరు ఎక్కడికి పోతుంది? ఇంకే చోటు లేదు కాబట్టి పక్క కాలువలోకి, అక్కడి నుంచి బోదెలోకి, డ్రెయిన్‌లోకి. దిగువ ఊళ్లో పిల్లలు ఈదేది, గేదెలు తాగేది ఆ నీళ్లే. ట్యాంకులో మలం కిందికి దిగుతుంది గాని క్రిములు చావవు. పైగా కొన్నేళ్లకు ఆ బురదను ఎవరో ఎత్తాలి. ఇరుకు సందుల్లోకి ట్యాంకరు రాకపోతే మనిషిని దించుతారు. 2013 చట్టం దాన్ని నిషేధించినా ఆ ప్రమాదాన్ని నా చేతులతో నాటలేను. ఒక కాలనీ సమస్యను దిగువ ఊరికి తోయడం పారిశుద్ధ్యం కాదని పెద్దలకు చెప్పాను. వాళ్లకు నా మాట రుచించలేదు. కొందరు ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

అదే రోజుల్లో చేతిపంపుల నీటిని హెచ్‌టూఎస్ సీసాలలో పరీక్షించాం. సీసాలో నీరు నింపి నీడన ఉంచితే, మలం కలిసిన నీరైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. పల్లంలోని నాలుగు పంపుల్లో మూడింటి నీరు మర్నాటికే నల్లబడింది. ఆ సీసాలను కాలనీ మధ్యలో అరుగు మీద పెట్టాను. ఈలల కన్నా, ఉపన్యాసాల కన్నా ఆ మూడు నల్ల సీసాలు ఎక్కువ మాట్లాడాయి. ఆ రోజు నుంచి తాగే నీళ్లు రక్షిత మంచినీటి పథకం కుళాయి నుంచే తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

కొలత

ఈసారి కాలనీ అంతా కట్టకముందు నేలను చదవాలనుకున్నాను. కాలనీలో మూడు చోట్ల చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాలను ఏడడుగుల లోతున దించాం. ప్రతి ఆదివారం పదో తరగతి చదివే ఇద్దరు పిల్లలు తాడుకు కట్టిన కొలకర్రతో నీరు ఎంత లోతున ఉందో కొలిచి రాసేవారు. 2018 సెప్టెంబరులో మొదలుపెట్టి సంవత్సరం పాటు ఒక్క వారమూ మానలేదు.

మే చివర, రోహిణి కార్తెలో, నీరు అయిదున్నర అడుగుల కింద ఉంది. ఆగస్టు నడుమ తొమ్మిది అంగుళాల్లోనే ఉంది.

నన్ను కదిలించినది జూన్ లెక్క. కాలువలకు నీళ్లు వదిలిన పది రోజుల్లో, చెప్పుకోదగ్గ వాన పడకముందే, మట్టం రెండడుగులు పైకి వచ్చింది. అంటే గుంతను ముంచుతున్నది వాన ఒక్కటే కాదు, బోదె, దమ్ము చేసిన చేలు. వాన తగ్గినా ఊట తగ్గదు. దాళ్వా సాగుతున్నన్నాళ్లు, జనవరి ఫిబ్రవరిలో కూడా నీరు మూడడుగుల లోపే ఉంది.

ఇక 2017లో ఏం జరిగిందో స్పష్టమైంది. కాలువలు కట్టిన నెలల్లో నాలుగడుగుల గుంత తవ్వారు. అడుగున పొడి మట్టి కనిపించింది. మేస్త్రి తప్పు లేదు, తనిఖీ చేసినవారి తప్పూ లేదు, ఆ రోజు ఆ నేల నిజంగానే పొడిగా ఉంది. గొట్టం గుంతలో దిగే చోటు నేలకు అడుగు కింద. ఆగస్టులో నీరు దానికన్నా మూడు అంగుళాలు పైన ఉంటుంది. బేసిన్‌లో పోసిన చెంబుడు నీరు ఎదురెక్కి పోవాలి. పోదు. గుంత అడుగుకూ, నీటి మట్టం గరిష్ఠంగా పెరిగే చోటుకూ మధ్య రెండు మీటర్ల ఎడం ఉండాలని, లేకపోతే ప్రత్యేక జాగ్రత్తలు తీసుకోవాలని నిబంధనల పుస్తకాల్లో ఉన్నదే. గరిష్ఠ మట్టం అన్న ఆ చిన్న మాటను వేసవిలో చూసి నిర్ణయించాం.

ఫలించినది

గుంతను కిందికి కాక పైకి కట్టాలని నిర్ణయించాం. మొత్తం నేల మీదికి లేపితే దొడ్డి మేడ ఎక్కినట్టు అవుతుంది. అందుకని లోతు తగ్గించి వెడల్పు పెంచాం. మూడున్నర అడుగుల లోతు, నాలుగడుగుల వ్యాసం. అందులో ఒక అడుగు నేలలో, రెండున్నర అడుగులు నేల పైన. ఆగస్టులో కూడా అడుగున మూడు అంగుళాలే మునుగుతుంది. గుంత అడుగును సిమెంటుతో మూసేశాం. చుట్టూ అడుగున్నర మందాన సన్న ఇసుక నింపాం, దాని బయట మూడడుగుల మేర మట్టి పోసి మెరక చేశాం. నీరు గుంత పక్కల నుంచి ఇసుకలోకి, ఇసుక నుంచి మెరక మట్టిలోకి మెల్లగా జారుతుంది. క్రిములను పట్టి ఉంచేది ఆ ఇసుకే. ఖర్చు తగ్గించడానికి ఇసుక తీసేద్దామని ఎవరన్నా నేను ఒప్పుకోలేదు. బేసిన్లు కూడా మార్చాం. వాలు తక్కువ బేసిన్‌కు బక్కెట్టుడు నీళ్లు కావాలి. వాలు ఎక్కువగా ఉండే పల్లె రకం బేసిన్‌కు రెండు లీటర్లు చాలు. తక్కువ నీళ్లు పోస్తే గుంతకూ తక్కువ భారం.

ఏడాది కొలతలు పూర్తికాకముందే, 2019 మేలో రెండు ఇళ్లలో నమూనాలు కట్టాం. ఒకటి పసుపు గురించి అడిగిన మామ్మగారిది. మొదటి పెద్ద వానకే రెండో ఇంటి మెరక ఒక పక్క జారిపోయింది. ఇసుక బయటపడింది. డ్రెయిన్ పూడిక మట్టిని పోసి పైపైన తొక్కి వదిలేశాం, తప్పు మాదే. డిసెంబరులో మళ్లీ పోసినప్పుడు ఆరంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించాం. పైన గరిక నాటాం. అది మళ్లీ కదలలేదు.

ఇంకో చిక్కు నా కళ్లకు ఆలస్యంగా పడింది. మామ్మగారి ఇంట్లో రెండు గుంతలూ ఒకేసారి నిండుతున్నాయి. తొట్టె మూత తీసి చూస్తే రెండు పాయలూ తెరిచే ఉన్నాయి. మేస్త్రి "రెండూ పనిచేస్తే ఎక్కువ కాలం వస్తుంది కదండీ" అన్నాడు. ఆయన లెక్కలో తర్కం ఉంది. కానీ అప్పుడు ఏ గుంతకూ విశ్రాంతి ఉండదు, రెండింటిలోనూ పైన పచ్చి మలమే ఉంటుంది. ఆయన్ను కూర్చోబెట్టి, ఒక గుంత పనిచేస్తుంటే మరొకటి నిద్రపోవాలని చెప్పాను. ఆ మాట ఆయనకు నచ్చింది. ఆ తర్వాత కాలనీలో ఆయనే అందరికీ అలా చెప్పేవాడు. ఆ ప్రాంతంలో పాత దొడ్లను తనిఖీ చేసినప్పుడు ఈ ఒక్క తప్పు ఎన్ని చోట్ల కనిపించిందో చెప్పలేను. రెండు గుంతల పథకాన్ని చంపేది చాలాసార్లు ఆ చిన్న తొట్టెలో ఉండాల్సిన ఒక ఇటుకముక్క లేకపోవడమే.

డబ్బు సంగతి. 12,000 ఒకసారి ఇచ్చేశారు, రెండోసారి రాదు. పాత గది గోడలను, తలుపులను, రేకులను వాడుకున్నాం. పక్కపక్క ఇళ్లవారు ఒప్పుకున్న చోట ఇద్దరికీ ఒకే మెరక వేసి మట్టి ఖర్చు సగం చేశాం. మిగిలినది డ్వాక్రా సంఘాల అప్పు, ఇంటివాళ్ల రెక్కల కష్టం. ఐదు మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇనుప గొట్టంతో చేతిపట్టు పెట్టించాం. మామ్మగారు దాన్ని పట్టుకుని ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి చూశారు.

2020లో కరోనా వల్ల పని ఆగింది. 2021, 2022 వేసవుల్లో కట్టుబడి పూర్తయింది. మొత్తం 41 ఇళ్లు. ఆ వెంటనే 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాలనీ ఏటిగట్టుకు ఊళ్ల వైపు ఉంది కాబట్టి మునగలేదు గాని ఊట నేల పైకే వచ్చింది, వాకిళ్లలో చెప్పులు తేలాయి. నాలుగో రోజు వెళ్లాను. 41 బేసిన్లలో రెండింట్లో మాత్రమే నీరు నిలిచింది. రెండూ మట్టి సరిగా కొట్టనివి. పుంతలో కొత్త అడుగుజాడలు లేవు.

గుంత తెరవడం

మూసిన గుంతను ఎవరు తెరుస్తారన్న భయం మొదటి నుంచీ ఉంది. దాని వెనుక కులం ఉంది, దాన్ని దాచి రాయడం న్యాయం కాదు. "ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు" అన్న మాట నా ముందే అన్నారు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శే గుంతలోకి దిగి ఎరువు తీశారు. ఆ ఫొటో ఫోనులో చూపించాను. చూశారు, కానీ ఫొటో తమ ఇంటి గుంత కాదు కదా.

ఏడాది పాటు సరిపోతుందని కొందరంటారు. తడి నేల కాబట్టి మేము పూర్తిగా రెండేళ్లు ఆగాం. 2024 మేలో మామ్మగారి మొదటి గుంత మూత నేనే తీశాను, పారతో మట్టి పైకి వేసి చేతిలోకి తీసుకున్నాను. నల్లగా, పొడిపొడిగా, తడి చెరువు మట్టి వాసన. ఆమె మనవడు ముందు ముక్కు మూసుకున్నాడు, తర్వాత చెయ్యి తీశాడు. కాసేపటికి అతనూ పార అందుకున్నాడు. ఆ ఎరువు పెరట్లో రెండు కొబ్బరి మొక్కల పాదుల్లోకి వెళ్లింది. ఆ వేసవిలో మరో ఆరు ఇళ్లలో ఇంటివాళ్లే తెరుచుకున్నారు. మిగతా వాళ్లింకా అడుగుతున్నారు, జంకుతున్నారు. తొందరపెట్టడం లేదు.

నా పనిలో మారినవి

ఇప్పుడు డెల్టాలో ఏ ఊరికి పిలిచినా మొదటి సందర్శన శ్రావణంలో పెట్టుకుంటాను. పని వేసవిలోనే చేస్తాం, చేయాలి కూడా, కానీ కొలత మాత్రం నేల నిండి ఉన్నప్పుడు. వేసవిలోనే పిలిస్తే ఊళ్లో పాత నూతి దగ్గరికి వెళ్లి, ఒర లోపల నాచు గీత ఎంతవరకు ఉందో చూస్తాను. వానాకాలం నీటి మట్టం ఆ గీతే చెబుతుంది. దొడ్డి వాడనివాళ్లను ఎందుకు వాడరని అడగను, ఎప్పుడు వాడరని అడుగుతాను. వాడకాన్ని ఒక్క రోజు కాదు, మే చివర రోహిణిలో ఒకసారి, ఆగస్టులో మఖలో ఒకసారి లెక్కించాలని నివేదికల్లో రాస్తున్నాను. స్వచ్ఛ భారత్ మిషన్ రెండో దశలో మురుగునీటి మీద, బురద మీద కూడా దృష్టి పెట్టారు కాబట్టి ఈ మాటకు ఇప్పుడు కొంత చోటు దొరుకుతోంది.

పల్లంలోని 50 ఇళ్లలో 41 పోగా 9 మిగిలాయి. వాటిలో ఆరు ఇళ్లు రెండేసి కలిసి ఒక్కో మెరక వేసుకోవడానికి ఈ మధ్యే ఒప్పుకున్నాయి. మిగతా మూడు బోదెను ఆనుకుని ఉన్నాయి, గోడకూ గట్టుకూ మధ్య నాలుగు అడుగులైనా లేవు. ఎంత ఆలోచించినా అక్కడ రెండు గుంతలకు చోటు కుదరలేదు. వీధి చివర పంచాయతీ స్థలంలో ఆ మూడు కుటుంబాలకూ విడివిడి తాళాలతో మూడు గదులు కట్టే అంచనా వేసి ఇచ్చాను. స్థలం తీర్మానం ఇంకా కాలేదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మూడు ఇళ్ల ఆడవాళ్లు మళ్లీ పుంతలోకి వెళ్తున్నారు.